సిల్వర్ అయొడైడ్

2025 అక్టోబరు 28న ఢిల్లీ మీద మేఘమథనానికి విమానం నుంచి చల్లిన రసాయనం ఇది. గాలిలో తేమ చాలక వాన పడలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2004 తర్వాత కరువు జిల్లాల్లో మేఘమథనం చేశారు.

వెండి, అయోడిన్ పరమాణువులు సమానంగా కలిస్తే ఏర్పడే లేతపసుపు పదార్థమిది. నీటిలో కరగదు, వెలుతురు సోకితే నల్లబడుతుంది. 147 డిగ్రీల సెల్సియస్ దాటితే అయోడిన్ చట్రం నిలిచే ఉంటుంది, వెండి అయాన్లు మాత్రం ద్రవంలోలాగా కదులుతూ విద్యుత్తును మోస్తాయి. ఘనపదార్థంలో ఇది అరుదైన గుణం.

వానకు పనికొచ్చేది మాత్రం మామూలు వేడిమిలో ఉండే షడ్భుజ స్ఫటిక నిర్మాణం. మంచు స్ఫటికపు అల్లికకూ దీనికీ తేడా ఒకటిన్నర శాతం దగ్గరే. ఈ పోలికను 1946లో అమెరికా శాస్త్రవేత్త బెర్నార్డ్ వానెగట్ పట్టుకున్నాడు. సున్నాకు దిగువన కూడా గడ్డకట్టని మేఘజలం, మైనస్ 5 డిగ్రీల ప్రాంతంలో ఈ రేణువుల మీద మంచుగా పేరుకుంటుంది. అది బరువెక్కి జారి, దారిలో కరిగి చినుకవుతుంది.

మేఘమే లేకపోతే ఇది చేసేదేమీ లేదు. మార్కాపురం మెట్టల్లో పత్తి, పల్నాడులో మిరప వేసే రైతులు మేఘమథనం ప్రకటన చూసి విత్తనం వేయవద్దు. నేల పదును చూసే వేయండి.