అలల అంచున మూడు రోజులు: తంతి నుంచి రేడియో దాకా ఒక తీరబాట

ఇంగ్లాండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ ప్రాంతంలో పోర్త్‌కర్నో అనే చిన్న ఊరు ఉంది. రెండు కొండల నడుమ తెల్లని ఇసుక, దాని వెనుక సన్నని లోయ. బ్రిటన్‌ను భారతదేశంతో కలిపిన సముద్రగర్భ తంతి తీగ 1870లో ఆ ఇసుక కిందుగానే ఒడ్డుకు చేరింది. అక్కడి నుంచి తీరం వెంట తూర్పు దిక్కుగా నడక సాగిస్తే మూడో రోజున పోల్డూ అనే కొండ ఎదురవుతుంది. 1901లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన తొలి రేడియో సంకేతం వెలువడింది ఆ కొండ మీది నుంచే.

ఈ రెండు స్థలాలనూ కలిపే కాలిబాట పేరు సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్. బాట మొత్తం పొడవు 1,014 కిలోమీటర్లు. సోమర్సెట్‌లోని మైన్‌హెడ్ పట్టణంలో మొదలై, డెవన్, కార్న్‌వాల్ తీరాలను చుట్టి, డోర్సెట్‌లోని పూల్ రేవు వద్ద ముగుస్తుంది. పూర్తిగా నడవాలంటే ఏడెనిమిది వారాలు పడుతుంది. దారిలోని ఎగుడుదిగుళ్లలో ఎక్కే ఎత్తంతా కూడితే ఎవరెస్ట్ శిఖరానికి దాదాపు నాలుగింతలు. అంత తీరిక లేనివారు ఒక భాగాన్ని ఎంచుకుని నడుస్తారు. పోర్త్‌కర్నో నుంచి లిజర్డ్ అగ్రం దాకా అరవై కిలోమీటర్లకు పైబడిన భాగం అటువంటిదే. అలవాటున్నవారికి మూడు రోజుల నడక. తొందర లేనివారు నాలుగు రోజులు తీసుకుంటారు.

ఈ బాట ఎలా ఏర్పడింది?

ఈ దారి విహారం కోసం పుట్టింది కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాలలో ఈ తీరంలో దొంగసరుకు రవాణా జోరుగా సాగేది. పన్ను ఎగవేసి తెచ్చిన సారాయి, తేయాకు, పొగాకు రాత్రివేళ పడవల మీద దిగేవి. వాటిని పట్టుకునేందుకు సుంకపు సిబ్బంది, 1822లో ఏర్పడిన తీరరక్షక దళం వారు కొండ అంచుల వెంట గస్తీ తిరిగేవారు. ప్రతి రాతి ఒంపులోకీ తొంగిచూడక తప్పేది కాదు. కనుకనే బాట దగ్గరి దారిన పోదు. సముద్రం ఎన్ని మెలికలు తిరిగితే తానూ అన్ని మెలికలు తిరుగుతుంది.

గస్తీ నిలిచిపోయాక చాలాచోట్ల ఈ దారి ముళ్ల పొదలలో మూసుకుపోయింది. 1949లో బ్రిటన్ పార్లమెంటు చేసిన జాతీయ ఉద్యానవనాలు, గ్రామీణ ప్రాంత ప్రవేశ చట్టం దూరపు కాలిబాటలకు చట్టబద్ధమైన ఆధారం కల్పించింది. దాని ఫలితంగా కార్న్‌వాల్ భాగం 1973లో ప్రారంభమైంది. తక్కిన భాగాలు 1978 నాటికి పూర్తయ్యాయి. దారి పొడవునా స్తంభాల మీద సింధూర వృక్షపు కాయ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తును అనుసరిస్తే దారి తప్పే ప్రసక్తి తక్కువ.

మొదటి రోజు: బొంబాయి కబురు బయలుదేరిన ఒడ్డు

బొంబాయి తీగను మొదట ఫాల్‌మత్ రేవుకు చేర్చాలనుకున్నారు. అక్కడ ఓడల రద్దీ ఎక్కువ. లంగరు తగిలి తీగ తెగుతుందన్న భయంతో నిర్మానుష్యమైన పోర్త్‌కర్నోను ఎంచుకున్నారు. జిబ్రాల్టర్, మాల్టా, ఈజిప్టు, ఏడెన్‌ల మీదుగా ఆ వరుస బొంబాయి చేరింది. ఓడ మీద ఉత్తరం వెళ్లేందుకు వారాలు పట్టిన రోజులవి. ఆ ఏడాది నుంచి కబురు నిమిషాలలో అందసాగింది. వర్తకానికే కాదు, సామ్రాజ్యపు పాలనకూ ఆ తీగ ఆయువుపట్టయింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడుల భయంతో తంతి కార్యాలయాన్ని కొండ కడుపులోకి తరలించారు. ఆ సొరంగాలను తొలిచినవారు స్థానిక గని కార్మికులు. ఇప్పుడవి ప్రదర్శనశాలలో భాగం. యూరప్‌ను ముంబయితో కలిపే ఫ్లాగ్ అనే ఫైబర్ కేబుల్ 1990లలో ఇదే తీరానికి చేరింది.

పోర్త్‌కర్నో దాటగానే బాట నిట్టనిలువుగా ఎక్కి దిగుతుంది. బండల మీద అడుగు ఆచితూచి వేయవలసి ఉంటుంది. మధ్యాహ్నానికి లమోర్నా, సాయంత్రానికి మౌజల్ అనే జాలరుల పల్లె వస్తాయి. మౌజల్ దాటాక దారిపక్కన పాత రక్షక పడవల కేంద్రం ఉంది. 1981 డిసెంబర్ 19 రాత్రి తుపానులో చిక్కిన యూనియన్ స్టార్ అనే ఓడను కాపాడేందుకు ఇక్కడి నుంచి బయలుదేరిన పడవలోని ఎనిమిది మంది స్వచ్ఛంద సేవకులూ తిరిగి రాలేదు. ఓడలోని ఎనిమిది మందీ దక్కలేదు. నడిచేవారు అక్కడ కాసేపు మౌనంగా నిలబడి ముందుకు సాగుతారు.

తరువాతి ఊరు న్యూలిన్. చేపల రేవుగా పేరున్న ఈ ఊరికి మరో ప్రత్యేకత ఉంది. 1915 నుంచి 1921 వరకు ఇక్కడి రేవుగోడ చివర సముద్రమట్టాన్ని నమోదు చేసి, దాని సగటును సున్నాగా తీసుకున్నారు. బ్రిటన్ ప్రధాన భూభాగంలోని ప్రతి కొండ ఎత్తునూ నేటికీ ఆ సున్నా నుంచే లెక్కిస్తారు. భారతదేశంలో 1909 నాటి సర్వేకు తొమ్మిది రేవుల సముద్రమట్టాలను ఆధారంగా తీసుకున్నారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. న్యూలిన్‌ను ఆనుకుని ఉన్న పెన్‌జాన్స్ పట్టణంలో మొదటి రాత్రి బస.

రెండో రోజు: గనుల పొగగొట్టాలు

పెన్‌జాన్స్ నుంచి తొలి గంట నడక తేలిక. సముద్రంలో ఎదురుగా సెయింట్ మైకేల్స్ మౌంట్ అనే కొండదీవి కనిపిస్తుంది. పాటు సమయంలో మరాజియన్ ఊరి నుంచి రాళ్లు పరచిన దారి బయటపడుతుంది. పోటు వస్తే మునిగిపోతుంది. ఆ దీవికి వెళ్లాలంటే గడియారం కన్నా పోటుపాట్ల పట్టికే ముఖ్యం.

మరాజియన్ దాటాక ప్రష్యా కోవ్ వస్తుంది. దొంగసరుకు నాయకుడిగా పేరుమోసిన జాన్ కార్టర్ స్థావరం అదే. కొంతదూరం పోగానే కొండ అంచున రాతి కట్టడాలు, పొగగొట్టాలు కనిపిస్తాయి. అవి రాగి, తగరం గనుల యంత్రశాలల శిథిలాలు. కార్న్‌వాల్ గనుల ప్రాంతానికి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. పంతొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో లోహాల ధరలు పడిపోయి గనులు మూతపడటంతో వేలాది కార్మికులు పొట్ట చేతపట్టుకుని దేశాంతరం వెళ్లారు. వారిలో కొందరు చేరింది కర్ణాటకలోని కోలార్ బంగారు గనులకు. 1880ల నుంచి అక్కడ కార్న్‌వాల్ నిపుణుల ఆజమాయిషీలో తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు పాతాళంలో పనిచేశారు. 2001లో ఆ గనులూ మూతపడ్డాయి. ఈ కొండ మీది గొట్టాన్ని చూసిన కోలార్ కుటుంబాల వారికి ఆ దృశ్యం కొత్తగా తోచకపోవచ్చు. రెండో రాత్రి బస పోర్త్‌లెవెన్ రేవులో.

మూడో రోజు: మూడు చుక్కల కొండ

పోర్త్‌లెవెన్ దాటగానే లో బార్ అనే గులకరాళ్ల దిబ్బ వస్తుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క మంచినీటి సరస్సు. ఒడ్డు ఉన్నట్టుండి లోతుకు దిగుతుంది, అల వెనక్కి లాగే బలం ఎక్కువ. అందుకే ఇక్కడ నీటిలో దిగరాదని హెచ్చరికలుంటాయి. 1807లో యాన్సన్ అనే యుద్ధనౌక ఇక్కడ ఒడ్డుకు కూతవేటు దూరంలో బద్దలైంది. జనం చూస్తుండగానే ఎందరో మునిగిపోయారు. ఆ దృశ్యం చూసి కలత చెందిన హెన్రీ ట్రెన్‌గ్రౌజ్ అనే వడ్రంగి, తారాజువ్వ సాయంతో ఓడకు తాడు అందించే పరికరాన్ని రూపొందించారు. అంతకుముందు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను కొండ మీదే పూడ్చేవారు. ఈ ప్రమాదం తరువాత 1808లో వచ్చిన చట్టంతో వాటికి శ్మశానవాటికలో చోటు దక్కింది.

మధ్యాహ్నానికి పోల్డూ కొండ. మార్కోనీ ఇక్కడ నిలిపిన స్తంభాల వలయం 1901 సెప్టెంబర్‌లో గాలివానకు కూలిపోయింది. రెండు స్తంభాలతో తాత్కాలిక ఏర్పాటు చేసుకుని డిసెంబర్ 12న మూడు చుక్కల సంకేతం పంపారు. న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి కట్టిన తీగతో దానిని విన్నట్లు మార్కోనీ ప్రకటించారు. అక్కడ వాడిన పాదరసపు గ్రాహకానికి జగదీశ్ చంద్ర బోస్ 1899లో వివరించిన సాధనమే మూలమని తరువాతి కాలంలో కొందరు పరిశోధకులు వాదించారు.

పోల్డూలో 1920లలో జరిగిన షార్ట్‌వేవ్ ప్రయోగాలు భారతదేశాన్నీ తాకాయి. 1927లో బ్రిటన్‌, భారత్‌ల మధ్య రేడియో తంతి సేవ మొదలైంది. అదే ఏడాది జూలై 23న బొంబాయిలో ప్రసార కేంద్రం ప్రారంభమైంది. చవకైన రేడియో పోటీకి తట్టుకోలేక సముద్రపు తీగల సంస్థలు 1929లో రేడియో సంస్థతో విలీనం కావలసి వచ్చింది. అంటే తొలినాటి ఉదయం చూసిన తీగకూ, మూడోనాటి ఈ కొండకూ మధ్య నడిచింది ఒకనాటి ప్రత్యర్థుల నడుమ దూరమే.

సాయంకాలానికి లిజర్డ్ అగ్రం. బ్రిటన్ ప్రధాన భూభాగానికి దక్షిణపు కొస ఇది. కార్న్‌వాల్‌లో కనుమరుగైన ఎర్రముక్కు కాకులు 2001లో తమంతట తామే ఈ కొండలకు తిరిగివచ్చాయి.

కొండ కూలితే బాట ఏమవుతుంది?

తీరబాటకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. సముద్రం ఒడ్డును కోస్తూనే ఉంటుంది. కాకినాడ సమీపంలోని ఉప్పాడ తీరవాసులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. పాత విధానంలో చట్టం హక్కు ఇచ్చింది ఒక నిర్దిష్టమైన గీతకు మాత్రమే. ఆ గీత కొండచరియతో సహా సముద్రంలో కలిస్తే హక్కూ కలిసినట్లే. పక్క పొలం యజమానితో మళ్లీ మొదటి నుంచి సంప్రదింపులు జరపాలి. అది తేలేవరకు బాటసారులు దూరపు రోడ్డు చుట్టు తిరగవలసిందే.

2009లో వచ్చిన సముద్ర, తీర ప్రవేశ చట్టం ఈ చిక్కుకు విరుగుడు వెదికింది. ఇంగ్లాండ్ చుట్టూ సుమారు 4,300 కిలోమీటర్ల తీరబాటను ఏర్పరచాలని నిర్దేశిస్తూ, కోత వచ్చినచోట బాట దానితోపాటే లోపలికి జరిగే వెసులుబాటు కల్పించింది. హక్కును నేలమీది గీతకు కాక, కదిలే తీరానికి ముడివేయడం ఇందులోని కీలకం. అయితే కాగితం మీది హక్కు కొండను ఆపలేదు. మెట్లు కట్టడానికి, పొదలు నరకడానికి, కూలిన చోట దారి మళ్లించడానికి ఏటా డబ్బు, మనుషులు కావాలి.

నడిచేవారు గమనించవలసినవి

దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో లెక్కించుకోవాలి. ఎగుడుదిగుళ్ల దారిలో 20 కిలోమీటర్లకు పూర్తి పగలు పడుతుంది. వాన వెలిసిన తరువాత అంచుకు దూరంగా నడవాలి, కొండ కింద కూర్చోరాదు. పోటుపాట్ల వేళలు, గాలి సూచన ఉదయమే చూసుకోవాలి. దారి మళ్లింపు బోర్డు కనిపిస్తే దానిని దాటి వెళ్లరాదు. గడ్డి కింద నేల ఉన్నట్లే కనిపిస్తుంది, కానీ దాని అడుగు ఖాళీ అయి ఉండవచ్చు. వేసవిలో బసలు ముందే నిండిపోతాయి. శీతకాలంలో పగటి వెలుగు ఎనిమిది గంటలే.

ఈ జాగ్రత్తలు పాటిస్తే మూడో సాయంత్రం లిజర్డ్ దీపస్తంభం వెలిగే వేళకు చేరుకోవచ్చు. ఆ దీపం 1752 నుంచి ఓడలకు దారి చూపుతోంది. కింద కొండను అల తాకుతూనే ఉంటుంది. మరునాడు నడిచేవారికి దారి ఒక అడుగు లోపలికి జరిగి ఉండవచ్చు.