‘ఏటీ జరగనేదు’ అనే ముందు

కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిన శుక్రవారం బతు బస్తీలో తీర్పులు త్వరగా పడిపోతాయి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దుగుంకుతుంది. ఎనిమిదయ్యేసరికి అన్నాలు తినేసి, సినిమా సగం చూసేసి, ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అనేవాళ్లు వీధికి ఇద్దరైనా దొరుకుతారు. (సెకండాఫ్ ఎప్పుడు చూశారని అడగకూడదు.) పాత సినిమా పెడితే ఆ సగం కూడా చూడరు.

‘ఏటి మావయ్యా, గంటయ్యింది, ఏటీ జరగనేదు’ అని కుర్రాడు లేస్తాడు.

‘జరిగిందిరా, నువ్వు సెల్లు చూస్తన్నావు’ అంటాడు మావయ్య.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరిది ఎంతో తేల్చాలంటే ‘స్లో’ అన్న ఒక్క మాట కింద మనం కలిపేస్తున్న సంగతులను విడదీయాలి.

ముందు ఈ చోటు సంగతి. బతు బస్తీ పోర్ట్ బ్లెయిర్ శివారు. ఆ నగరం పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. 2011 జనగణనలో ఈ ద్వీపాల్లో దాదాపు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. ఎక్కువమందికి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే. వైజాగ్ నుంచి ఓడెక్కితే రెండు రోజుల పైమాటే. అందుకే ఒకప్పుడు ఇక్కడ సినిమా కంటే ముందు దాని టాక్ దిగేది. ఊరి నుంచి ఫోన్ చేసిన బావ హిట్టో ఫట్టో చెప్పేసేవాడు, బొమ్మ తరువాత ఎప్పుడో వచ్చేది. ఇంటర్నెట్ ఉపగ్రహం మీద నడిచిన కాలంలో సినిమా కంటే బఫరింగే ఎక్కువ చూశాం. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించాక ఆ బాధ చాలావరకు తీరింది. విచిత్రమేమిటంటే, సెల్‌ఫోన్‌లో సినిమాను ఒకటిన్నర రెట్ల వేగంతో పరిగెత్తించే సదుపాయాన్ని నెట్‌ఫ్లిక్స్ అదే నెలలో తీసుకురావడం మొదలెట్టింది. ఆగకుండా చూసే వీలూ, ఆగలేకపోయే వీలూ మనకు ఒకేసారి అందాయన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. నిడివి వేరు, నడక వేరు. ‘పుష్ప 2’ మూడు గంటల ఇరవై నిమిషాలు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ మూడున్నర గంటలు దాటుతుంది. ‘మాయాబజార్’ మూడు గంటల పైనే. వీటిని పెద్దవి అన్నవాళ్లున్నారు గానీ స్లో అన్నవాళ్లు తక్కువ. బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ కూడా మూడు గంటల ఇరవై నిమిషాలే. అందులో ఒక వితంతువు మూడు రోజుల పాటు వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, బంగాళాదుంపలు ఒలుస్తుంది. ఆ సినిమాకు 2022లో బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ నడిపిన విమర్శకుల ఓటింగులో ప్రపంచంలోకెల్లా మొదటి స్థానం దక్కింది. నిడివి ఒకటే. మన కుర్రాడు మాత్రం ఒకదానికి విజిల్ వేస్తాడు, రెండోదానికి పది నిమిషాల్లో లేచిపోతాడు.

నడకను కొలిచే సులువైన పద్ధతి ఒకటుంది. ఒక్కో షాట్ సగటున ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కపెట్టడం. అమెరికన్ సినీ పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ చూపిన లెక్క ప్రకారం, 1960కి ముందు హాలీవుడ్ సినిమాల్లో ఈ సగటు ఎక్కువగా 8 నుంచి 11 సెకన్లు. శతాబ్దం చివరికి అది 3 నుంచి 6 సెకన్లకు పడిపోయింది. ఇప్పటి తెలుగు ఫైట్ సీను చూస్తే ఆ మూడు సెకన్లు కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఇలాంటి కోతకు అలవాటుపడ్డ కంటికి పది సెకన్లు కదలని షాట్ కనిపిస్తే ఎడిటర్ నిద్రపోయాడని అనుమానం వస్తుంది. కాబట్టి కుర్రాడి విసుగు నటన కాదు, అలవాటు.

అయితే షాట్ల లెక్కతో సగమే తెలుస్తుంది. మంచి నిదాన సినిమా ఆ సమయంలో ఏదో దాచిపెడుతూ ఉంటుంది. ‘జాన్ డీల్మన్’లో మొదటి రోజు దుంపలు సరిగ్గా ఉడుకుతాయి. రెండో రోజు మరీ ఎక్కువ ఉడికిపోతాయి. మామూలు సినిమాలో అది ఎవరూ పట్టించుకోని సంగతి. ఇక్కడ మాత్రం గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది, ఎందుకంటే ఆమె పని ఎంత పద్ధతిగా సాగుతుందో గంట సేపు చూసి ఉన్నాం. మొదటి రోజును కత్తిరిస్తే రెండో రోజు ఉత్త దుంపల గిన్నే.

బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) చూడండి. నాగరాజు, మల్లి ఎడ్లబండిలో వస్తూ వానకు ఒక సత్రంలో ఆగుతారు. బండి నింపాదిగా నడుస్తుంది, వాన నింపాదిగా కురుస్తుంది, మల్లి ఆడుతుంది. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు అది చూస్తాడు. నాగరాజు సరదాకి, మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని రాయలను అడుగుతాడు. అంతా ఆటలాగే ఉంటుంది. తరువాత ఒక రోజు ఆ పల్లకీ నిజంగానే మల్లి ఇంటి ముందుకొస్తుంది. ఆ వాన, ఆ బండి, ఆ వేళాకోళం తీరిగ్గా చూసినవాడికి ఆ పల్లకీ శవవాహనంలా కనిపిస్తుంది. ముందుకు తోసేసి చూసినవాడికి అది పల్లకీయే.

అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 2018లో వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మన వైజాగ్ కథ. నటుల్లో చాలామంది ఆ పేటవాళ్లే. నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తుంటే గంట దాటినా ఇవన్నీ ఎందుకో తెలీదు. చివర్లో తెలుస్తుంది. చూడనివాళ్ల కోసం చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పగలను: ఆ ముగింపు బలమంతా అంతకుముందు ‘ఏటీ జరగని’ గంటలోనే ఉంది.

అలాగని నిదానమైన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోలేం. పాత సినిమాల్లో కథకు సంబంధం లేని హాస్యం ట్రాకులున్నాయి. ఒకసారి చూపించినదాన్ని మళ్లీ మాటల్లో చెప్పించే సీన్లున్నాయి. ఇప్పటి సినిమాల్లో హీరో నడిచి రావడానికే రెండు నిమిషాలు స్లోమోషన్. అక్కడ ఏమీ దాచలేదు, ఉత్తినే సాగదీశారు. దాన్ని ల్యాగ్ అంటే నేనూ చేయి కలుపుతాను.

టాక్ పాకే వేగం కూడా మారింది. 1980లో ‘శంకరాభరణం’ మొదటి రోజుల్లో పలుచగా ఆడి, చూసినవాళ్లు చెప్పగా చెప్పగా హాళ్లు నింపుకుంది. దానికి వారాలు పట్టాయి. ఇప్పుడు ఆ వారాలు ఎవరిస్తారు? నెల తిరక్కుండానే చాలా సినిమాలు ఓటీటీలోకి వచ్చేస్తున్నాయి. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ చర్చించిన వాటిలో ఈ గడువు కూడా ఉంది. ఈ తొందరలోనూ ఊళ్లు నిదానంగా చూసిన సినిమా ‘బలగం’ (2023). చావింటి చుట్టూ తిరిగే ఆ కథను తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు. అక్కడ ఫార్వర్డ్ మీట ఎవరి చేతిలోనూ లేదు.

‘తండేల్’ సంగతీ చెప్పాలి. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల కథ ఆధారంగా తీసిన సినిమా. 2025 ఫిబ్రవరి 7న థియేటర్లకు, మార్చి 7న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. ఒడ్డున ఎదురుచూసే సీన్లు సాగాయని కొందరన్నారు. సముద్రం మీదికి మనిషిని పంపిన ఇంట్లో కూర్చుని చూస్తే ఆ ఎదురుచూపే కథ. నన్నడిగితే, సాగింది ఒడ్డు సీన్లు కాదు, పాకిస్తాన్ జైలు సీన్లు.

కుర్రాళ్లకు నా మాట ఒక్కటే. ఈసారి ‘కంచరపాలెం’ పెట్టుకుని, సెల్లు పక్కన పడేసి, వేగం మీట ముట్టుకోకుండా చివరిదాకా చూడండి. అప్పుడు కూడా ‘ఏటీ జరగనేదు’ అంటే మీ తీర్పే ఖాయం, మావయ్య తరఫున నేను ఒప్పుకుంటాను.