ఉత్త సంతకమే గదా!

సంతకం చెయ్యడానికి నాకు పట్టింది అర నిమిషం. దాన్ని తీర్చుకోవడానికి పట్టింది రెండేళ్ల మూడు నెలలు. ఈ లెక్క మా ఆవిడది. ఆవిడ లెక్క యెన్నడూ తప్పదు.

2018లో ఒకనాటి సాయంకాలం, శ్రీకాకుళంలో నాతో చదువుకున్న స్నేహితుడొకాయన విజయనగరంలో మా యింటికి వచ్చాడు. చేస్తున్న వ్యాపారం కలిసిరాలేదట. కారు కొని అద్దెకి తిప్పుతానన్నాడు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం - మూడు క్షేత్రాలూ ఒక్కరోజులో చూపిస్తానంటే యాత్రికులకి కొదవేముంటుంది? ఫైనాన్సు కంపెనీవారు ఆరు లక్షలిస్తారు. కాని, నెలజీతం వచ్చే ఉద్యోగి ఎవరైనా హామీ వుండాలి. నేను బడిపంతుల్ని.

మన జిల్లాల్లో బడిపంతులు సంతకానికి వున్న గిరాకీ బడిపంతులికి లేదు. చీటీ పాడినవారూ, బండి కొన్నవారూ ముందు వెతుక్కుంటూ వచ్చేది మాస్టారి యింటికే.

"ఏటి గురూ, అంతలా ఆలోచిస్తున్నావు? నీ జేబులోంచి పైసా తియ్యనక్కర్లేదు. ఉత్త సంతకమే గదా!" అన్నాడు.

మా ఆవిడ కాఫీ అందిస్తూ, "కాగితం ఓసారి చదువుకుని రేపు చేస్తార్లెండి, అన్నయ్యగారూ" అంది. నాకు సిగ్గేసింది. స్నేహితుడి యెదుట కాగితం చదవడమంటే అతన్ని అనుమానించడమే గదా! చదవకుండా మూడు చోట్ల సంతకం గీశాను.

నా పొరపాటంతా అక్కడే వుంది. దాన్ని నేను సాక్షి సంతకం లాంటిదనుకున్నాను. "ఈయన నా యెదుట సంతకం చేశాడు" అని చెప్పి సాక్షి తప్పుకుంటాడు. హామీదారు చెప్పే మాట వేరు. "ఈయన ఇవ్వకపోతే నేనిస్తాను" అంటున్నాడాయన.

అప్పులవాళ్లకి అందకుండా గిరీశం దాటిపోయింది మన విజయనగరమే. కాని నా స్నేహితుడు గిరీశం కాడు. ఏడాదిన్నర పాటు ప్రతి వాయిదా వేళకి కట్టాడు. 2020 మార్చిలో కరోనా వచ్చింది. గుళ్లు మూతపడ్డాయి, కారు వాకిట్లో నిలిచిపోయింది. ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వుబ్యాంకు వెసులుబాటు ఇచ్చింది గాని, వడ్డీ మాత్రం నడుస్తూనే వుంది. తర్వాత అతను లేవలేకపోయాడు. కంపెనీవారు కారు పట్టుకుపోయి వేలం వేశారు. వచ్చిన సొమ్ము బాకీకి చాలలేదు.

2021 మొదట్లో నోటీసు మా బడికి వచ్చింది. తోటి మాస్టర్ల మధ్య ఆ కవరు విప్పుతూంటే నా చేతులు వణికాయి. చివరికి లక్షా ఎనభై తొమ్మిది వేలకి ఒప్పందం కుదిరింది. నెలకి ఏడువేల చొప్పున ఇరవైయేడు నెలలు కట్టాను. అబ్బాయి హాస్టలు ఫీజుకి మా ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. ఆవిడ ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని నాకే అనిపించింది.

"ముందు ఆయన్ని అడగండి, తర్వాత నన్నడగండి" అని నేను వాదించకపోలేదు. వకీలుగారు నవ్వారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత యెంతో హామీదారు బాధ్యతా అంతే. ముందు బాకీదారుణ్ణి పిండి, తర్వాతే హామీదారు దగ్గరికి రావాలనే నియమం లేదని సుప్రీంకోర్టు 1968లోనే బీహారు బ్యాంకు వ్యాజ్యంలో చెప్పింది. డిక్రీ అయితే జీతానికీ రక్షణ కొంతే. మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ విడిచి, తక్కిన వంతు జప్తు చెయ్యవచ్చు.

అమెరికాలో చదువుతున్న మా మేనల్లుడు ఒకనాడు ఫోనులో, "ఇక్కడ ఫ్రెండుకి కారు లీజుకి సంతకం కావాలట, చెయ్యనా మామయ్యా?" అన్నాడు. లీజంటే అద్దె. గడువు తీరాక కారు కంపెనీకే పోతుంది. హామీ పడినవాడికి దాని చక్రం కూడా దక్కదు. అక్కడ అప్పుకి హామీ పడేవారికి ముందుగా హెచ్చరిక కాగితం ఇవ్వాలని 1985 నుంచీ నిబంధన వుంది. మనకి ఆ హెచ్చరిక కాఫీ గ్లాసుతో వంటింట్లోంచే వస్తుంది. వినాలి మరి!

తప్పనిసరిగా సంతకం చెయ్యవలసి వస్తే నేను నేర్చుకున్నవి చెబుతాను. ఆ మొత్తం నేనే కట్టవలసి వస్తే కట్టగలనా అని ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వెయ్యండి. ప్రతి పేజీ చదివి, నకలు తీసుకోండి. వాయిదా కట్టిన రసీదు నెలనెలా చూపించమనండి. ఆ అప్పు మీ సిబిల్ లెక్కలోనూ కనిపిస్తుందని మరవకండి. రేపు మీకే ఇంటికి అప్పు కావలసి వస్తే అది అడ్డు రావచ్చు. ఒకవేళ మీరే కడితే ప్రతి రసీదూ దాచండి. బాకీదారు నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు 145వ సెక్షను మీకిచ్చింది. కట్టిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వెయ్యాలి.

నేను వెయ్యలేదు. ఇద్దామన్నా అతని దగ్గర ఏముంది?

2023 దసరా తర్వాత మంగళవారం, పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో అతను కనిపించాడు. చెయ్యెత్తాను. చూశాడు. చూడనట్టు జనంలో కలిసిపోయాడు. నలభైయేళ్ల స్నేహం! సొమ్ము పోయినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. నేను సంతకం చెయ్యకపోతే వారం రోజులు అలిగేవాడేమో. తర్వాత కాఫీకి వచ్చేవాడు.

మొన్న యింకో మిత్రుడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. కూర్చోబెట్టి నా కథ చెప్పాను. "సంతకం చెయ్యను గాని, ఇది వుంచు, తిరిగి ఇవ్వక్కర్లేదు" అని ఐదువేలు చేతిలో పెట్టాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లాడు.

వచ్చే ఆదివారానికే మళ్లీ వచ్చాడు. "కాఫీ వుందా, చెల్లెమ్మా?" అని గుమ్మంలోంచే కేకేశాడు.