కోడ్ చెప్పేది సగమే

స్కానర్‌లో పీ0171 అని వచ్చిందంటే చాలు, ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం కొందరు మెకానిక్‌లకు అలవాటు. నాకది నచ్చదు. సెన్సర్ పోయిందని ఆ కోడ్ చెప్పదు. పెట్రోలుకు తగినదానికంటే గాలి ఎక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది. గాలి ఎక్కడినుంచి దూరిందో, లేక పెట్రోలే ఎందుకు చాలడంలేదో తేల్చాల్సింది మనిషి.

విజయవాడ ఆటోనగర్‌లో కార్బురేటర్ల కాలం నుంచి ఉన్నవాణ్ణి. ఈమధ్య గుడివాడ నుంచి ఒక మాస్టారు తన పెట్రోలు కారు తెచ్చారు. చెక్ లైటు వెలుగుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణుకుతోంది. అప్పటికే వేరేచోట సెన్సర్, ప్లగ్గులు కొత్తవి వేయించారు. మార్చినప్పుడల్లా లైటు ఆరుతుంది, నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది.

“ఇన్ని వేలు పోశాక కూడా రిపేరు నిలవదేంటయ్యా?” అన్నారు.

“లైటు ఆరింది రిపేరుతో కాదు మాస్టారూ, కోడ్ చెరిపేస్తే ఆరింది” అన్నాను. ఇలాంటి లోపం వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేగానీ కంప్యూటర్ లైటు వెలిగించదు. ఈలోగా అంతా బాగైపోయినట్టే ఉంటుంది. (లైటు నిలకడగా వెలిగితే మెల్లగా నడుపుకుంటూ రావచ్చు. టపటప కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కకి ఆపండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖరీదు చాలా ఎక్కువ.)

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకి ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో స్కానర్ పెట్టగానే నేను చూసేది ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో బండి ఎలా ఉందో కంప్యూటర్ అందులో రాసిపెట్టుకుంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది, అందుకే చెరపకుండా తెమ్మని అందరినీ బతిమాలతాను. మాస్టారి బండిలో వేగం సున్నా, 760 ఆర్‌పీఎం, కూలెంట్ వేడి 86 డిగ్రీలు. అంటే ఇంజన్ వేడెక్కాక, బండి ఆగి ఉండగా పడిన కోడ్ అన్నమాట.

ఇక అసలు సంగతి ఫ్యూయల్ ట్రిమ్‌లో ఉంది. ఒక వంతు పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ మిగిలితే సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఎంత శాతం పెంచిందన్నదే ట్రిమ్. పది లోపుంటే నేను పట్టించుకోను, ఇథనాల్ కలిసిన పెట్రోలుతో అది కాస్త పైనే ఉంటుంది. ఇక్కడ ఐడ్లింగ్‌లో ప్లస్ 24 ఉంది. రేస్ చేసి 2500 దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 6కి దిగిపోయింది.

ఆ దిగడంలోనే జవాబుంది. ఈ బండిలో గాలిని కొలిచే సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కనే ఉంటుంది. దాన్ని దాటాక దూరే గాలి లెక్కకి రాదు. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చేదే తక్కువ కాబట్టి అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది. రేస్ చేస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా చిన్నదవుతుంది. పెట్రోలు పంపు నీరసించి ఉంటే కథ తిరగబడేది: ఐడ్లింగ్‌లో బాగుండి, లోడు మీద అంకె పెరిగేది. గాలి ఒత్తిడిని బట్టి లెక్కగట్టే బండ్లలో ఇదే సందు ఇంకోలా బయటపడుతుంది, ఐడ్లింగే పెరుగుతుంది.

సందు ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంజన్ ఆపి, గాలి వచ్చే దారి మూసి, లోపలికి తక్కువ ఒత్తిడితో పొగ వదిలాం. కొందరు వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతుకుతారు, అది అంటుకుంటుంది, ఆ పని చేయనివ్వకండి. టార్చి వేసి చూస్తూంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అడుగు నుంచి దారంలా పొగ లేచింది. అక్కడున్నది ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి లాగే పీసీవీ రబ్బరు పైపు. వంపు దగ్గర నూనె తాగి మెత్తబడింది. పైనుంచి చూస్తే నున్నగా ఉంది, వేలితో వంచితే అడుగున గోరంత పగులు నోరు తెరిచింది.

కొత్త పైపు కొన్ని వందలయింది. ఐడ్లింగ్ ట్రిమ్ ప్లస్ 3కి వచ్చింది, వణుకు పోయింది. అయినా అప్పుడే అయిపోయిందని చెప్పలేదు. కోడ్ చెరిపాక కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటినుంచి చేసుకోవాలి, అందుకు బండి ఊళ్లోనూ హైవేలోనూ తిరగాలి. ఓ వారం తిప్పి తెమ్మన్నాను. తెచ్చారు. పరీక్షలన్నీ పూర్తయ్యాయి, లైటు వెలగకముందే పడే పెండింగ్ కోడ్ కూడా లేదు.