ఈతమట్ట ఎవరి సొత్తు?

గంప లేని సేద్యం వుందా? పేడకి తట్ట కావాలి, పెంటకి గంప కావాలి. కోడిపెట్టను పిల్లలతో సహా మూసిపెట్టాలన్నా గంపే. మిరపకాయ కోసినా, వంకాయ కోసినా, చేలో కాయ ముందుగా పడేది బుట్టలోనే. చెరువుల పూడిక తీసిన కూలీలు తరతరాలుగా మట్టి మోసిందీ గంపలతోనే. ఇన్ని అల్లిపెట్టే చేతుల మాట మాత్రం రైతు సమస్యల పేజీల్లో ఎక్కడో గాని కనపడదు. రైతంటే పొలమున్నవాడు, కూలీ అంటే ఆ పొలంలో వంగినవాడు అని లెక్క వేసుకునే అలవాటు మన సంఘాల్లో కూడా లేకపోలేదు. పొలమూ లేక, పొలంలో నికరంగా పనీ లేక, చెరువుగట్టు మీది మట్ట కోసుకుని బతికేవారు ఏ లెక్కలోకి వస్తారు?

మేదరులు వెదురు అల్లుతారు, ఎరుకలవారు ఈత అల్లుతారు అని స్థూలంగా చెప్పుకోవచ్చు. అయితే ఎరుకలవారిలో వెదురు దబ్బలతో పనిచేసేవారూ వున్నారు. దబ్బ ఎరుకల అనే పేరు దాన్నిబట్టే వచ్చింది. ఈతపుల్లల ఎరుకలన్నా, మగ్గానికి కుంచెలు కట్టే కుంచపురి ఎరుకలన్నా, ఉప్పు మోసిన ఉప్పు ఎరుకలన్నా అంతే. అన్నీ చేసే పనినిబట్టి వచ్చిన పేర్లు. ఈ చివరి పేరు గుర్తుంచుకోండి, దాని సంగతి ముందు వస్తుంది.

ఈత అల్లిక చూడటానికి తేలిక. చేస్తే తెలుస్తుంది. బుట్టకు బాగా పనికొచ్చేది నేలబారుగా గుబురుగా పెరిగే చిట్టీత. కొన్నిచోట్ల చిరుటీత అంటారు. దాని మట్ట మొదట్లో ఆకులు ఆకులుగా వుండవు, ముళ్ళయి వుంటాయి. కొయ్యబోయిన చేతిలో ముందు దిగేది అవే. ముల్లు చెక్కి, ఆకు దూసి, మట్టను నిలువునా మూడు నాలుగు పాయలుగా చీల్చాలి. పచ్చిగా వుండగానే చీల్చాలి, ఎండితే విరుగుతుంది. ఎండిన పుల్లను మళ్ళీ నీళ్ళలో నానేస్తే గాని వంగదు. లావుపాటి పుల్లల్ని అడ్డంగా, నిలువుగా వేసి అడుగు కడతారు. వాటి కొసలు పైకి లేపి, సన్న పుల్లను ఒకటి లోపలికీ ఒకటి బయటికీ తిప్పుతూ అల్లుకుంటూ పోతారు. బుట్ట బలమంతా అంచులో వుంటుంది. అంచు సరిగ్గా కట్టని గంప నాలుగు మోతలకే నోరు తెరుస్తుంది. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళది. మట్టకు పోయేదీ, చీల్చేదీ, అల్లేదీ, చివరికి నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మేదీ వాళ్ళే. కొనేవాళ్ళు బేరమాడేది అల్లిన పూట ఒక్కదానికే. మట్ట వెదికిన పొద్దుకీ, చీల్చిన పొద్దుకీ కూలి ఎవరూ కట్టరు.

ఇది నిన్నా మొన్నటి పని కాదు. సామర్లకోటలో కుంపిణీ డాక్టరుగా వున్న విలియం రాక్స్‌బర్గ్ 1795లో అచ్చు కావడం మొదలైన కోరమాండల్ మొక్కల పుస్తకంలో ఈ చిరుటీతను వర్ణించాడు. దీని మట్టను మూడు నాలుగుగా చీల్చి జనం బుట్టలు అల్లుతారనీ, ఆకుతో పడుకునే చాపలు చేస్తారనీ రాశాడు. కరువొస్తే దాని మొద్దులోని పిండిని తీసుకుని తింటారని కూడా రాశాడు. పండిన ఏడు బుట్ట, ఎండిన ఏడు పిండి. బంజరు మీది పొద అని తీసిపారేసే మొక్క సంగతి ఇది.

ఇక ఉప్పు సంగతి. రైళ్ళు రాకముందు కోస్తా ఉప్పును ఎడ్లమీద, గాడిదల మీద ఎత్తుకుని లోపలి ఊళ్ళకు చేరవేసి, అక్కడి ధాన్యం తిరుగుదారిలో తెచ్చింది ఈ జనమే. దారిలో దొరికిన ఈత, వెదురు కోసుకుని బుట్టలల్లి అమ్ముకోవడం వాళ్ళ రెండో బతుకు. 1850లనాటినుంచి రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. మొదటి బతుకు పోయింది. ఆ తరవాత అడవి చట్టాలు వచ్చాయి, 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. రెండో బతుక్కి కావలసిన పుల్ల కూడా సర్కారు సొత్తయింది. బతుకుదెరువు రెండు వైపులా ఊడగొట్టి, ఊరూరా తిరిగేవాళ్ళు కాబట్టి వీళ్ళు దొంగలన్నారు. 1871లో ఉత్తరాదిన మొదలుపెట్టిన నేరస్థ తెగల చట్టం 1911 నాటికి మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ కూడా నేరస్థుడే! 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. హాజరు పలకాలి, చీటీ లేకుండా కదలకూడదు. అలా కట్టిపడేసిన మనుషుల్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీ కూలికి వాడుకుంది. కదలనివ్వని చోటినుంచి చవకగా చేతులు దొరికితే ఏ కంపెనీకి చేదు?

ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణలోని ఎరుకలవారికి షెడ్యూల్డు తెగగా గుర్తింపు రావడానికి 1977 దాకా పట్టింది. చట్టం పోయినా చూపు పోలేదు. ఊళ్ళో చిన్న దొంగతనం జరిగితే మొదట ఏ గుడిసెలు వెదుకుతారో కూలిపేటల్లో వుండేవాళ్ళకి మేము చెప్పనక్కర్లేదు.

వెదురు అల్లేవారి కథ ఇంకో దారిన అదే చోటికి చేరింది. గడ్డిజాతి మొక్క అయిన వెదురును 1927 అడవి చట్టం చెట్ల లెక్కలో రాసింది. మేదరి మనిషి నాలుగు బొంగులు తెస్తే దొంగ కలప కేసు. అదే వెదురు కాగితం మిల్లులకు దశాబ్దాలపాటు రాయితీ ధరకు వెళ్ళింది. 1950లలో దండేలి దగ్గర మిల్లు పెట్టినప్పుడు కర్ణాటక అడవుల వెదురును టన్నుకు నామమాత్రపు ధర మీద ఒప్పుకున్నారు. బజారులో బుట్టలవాళ్ళు కొనే ధరకూ దానికీ పొంతనే లేదని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ రాస్తూ వచ్చారు. 2017లో వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశామని పెద్దగా చాటారు. తీసింది అడవి బయట పెంచే వెదురు విషయంలో మాత్రమే. పొలం వున్నవాడికి మంచిదే. పొలం లేని మేదరికి అందులో ఏముంది?

2006 అటవీ హక్కుల చట్టం వుంది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. వుంది, అది పోరాడి తెచ్చుకున్నదే. వెదురు, బెత్తం, పొదలు చిన్నతరహా అటవీ ఫలసాయమనీ, సేకరించి అమ్ముకునే హక్కు వుందనీ అందులో స్పష్టంగా రాశారు. కాని ఆ హక్కు ప్రధానంగా అడవిలో నివసించే తెగలకు. తెగ కానివాళ్ళయితే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడే వున్నట్టు రుజువు చూపాలి. మైదానంలో పేట చివర గుడిసె వేసుకున్న ఎరుకల కుటుంబం తెగే అయినా అడవిలో లేదు. మేదరులు వెనుకబడిన తరగతుల జాబితాలో వున్నారు. ఇద్దరూ కోసుకునే ఈత ఎక్కువగా పెరిగేది వాగు ఒడ్డున, చెరువు గట్టున, పోరంబోకు మీద. అది రెవెన్యూ వారి భూమి. అక్కడి ఈతమట్టకు ఈ చట్టం రాదు. పెద్ద ఈతచెట్టు అయితే కల్లుగీత లెక్కలోకి వచ్చి ఆబ్కారీ వారి ఆరా మొదలవుతుంది.

ప్లాస్టిక్కు వచ్చి బుట్టను చంపిందంటారు. సగం నిజం. మామిడికాయా, టమాటా ఇవాళ ప్లాస్టిక్ క్రేటుల్లోనే పోతున్నాయి. మట్టిపనిలో ఇనుప తట్ట, ప్లాస్టిక్ తట్ట వచ్చాయి. అయినా కోళ్ళకు గాలాడాలంటే, కూర వాడకుండా వుండాలంటే అల్లిన గంపే కావాలని అడిగేవాళ్ళు పల్లెల్లో ఇంకా వున్నారు. అడిగినప్పుడు అల్లడానికి పుల్ల ఏదీ? పోరంబోకును పెత్తందారు కలుపుకున్నాడు. మిగిలిన చోట ప్లాట్ల రాళ్ళు పాతారు. ఇంకా మిగిలితే సర్కారు తుమ్మ అల్లుకుంది. దగ్గర్లో దొరికే మట్ట కోసం ఇవాళ బస్సెక్కి పోవాలి, లేదా దళారి దగ్గర అప్పుకు తెచ్చుకుని, అల్లిన సరుకు వాడు చెప్పిన ధరకే వాడికి వెయ్యాలి. అప్పుడు బుట్ట ఆమెది కాదు. తన గుడిసెలోనే కూర్చుని ఇంకొకడికి కూలిపని చేస్తున్నట్టు. కిరాయి లేని షెడ్డు, హాజరు లేని కార్ఖానా!

చేతివృత్తుల పథకాలంటూ అప్పుడప్పుడూ శిక్షణ తరగతులు పెడతారు. తరాలుగా అల్లుతున్నవాళ్ళకు అల్లిక నేర్పుతారట! అడిగేది అది కాదు. ఊరి పోరంబోకులో ఈత వున్న ముక్క ఎంతో కొలిచి, దాన్ని ఎవరికీ పట్టా చెయ్యకుండా, మట్ట కోసుకునే హక్కు పేట జనానికి రాసియ్యాలి. గ్రామసభలో ఈ మాట ఎత్తడానికి వాళ్ళు నలుగురే వుంటారు, వాళ్ళ గొంతు వినపడదు. వ్యవసాయ కార్మిక సంఘం వాళ్ళు లేచి చెబితే తీర్మానం పుస్తకంలోకి ఎక్కుతుంది.

మరొకటి మన చేతిలోనే వుంది. 2006లో మొదలైన ఉపాధి హామీ పనుల నుంచీ చెరువు గట్ల మీద కంప కొట్టించినప్పుడు తుమ్మతో పాటు ఈతపొదనూ వేళ్ళతో పెకలించడం మామూలయిపోయింది. పలుగు పట్టింది కూలివాళ్ళమే. తుమ్మను తీసెయ్యండి, ఈతను వుంచండి. కోసేవాళ్ళు కూడా చుట్టూ ముదిరిన మట్టలే కోసి నడిమి మొవ్వును వదలాలి. మొవ్వు కొడితే పొద చచ్చిపోతుంది. వదిలితే వానలు పడ్డాక మళ్ళీ మట్ట వేస్తుంది.