మద్యపాన విముక్తి – దైవచింతన

మద్యమును గూర్చి హెచ్చరింపని మతము లోకమున అరుదు. బౌద్ధుల పంచశీలములలో అయిదవది మత్తుపదార్థముల వర్జనము. ఇస్లాము మద్యపానమును నిషేధించినది. మన భారతమున, ఆదిపర్వములో, అసురులు కచుని దహించి ఆ భస్మమును సురలో కలిపి శుక్రాచార్యునిచే త్రావించిన కథ అందఱును ఎఱిగినదే. మృతసంజీవనీ విద్య తెలిసిన మహానుభావుడే సుర మైకమున తన ప్రియశిష్యుని కడుపున పెట్టుకొనెను. తెలివి వచ్చిన పిమ్మట ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి, సురాపానమును పాపముగా శాసించుట.

అయితే వలదని శాసించుట వేఱు, పడినవానిని చేయూతనిచ్చి లేపుట వేఱు. వ్యసనమునకు లోబడినవానికి అది తప్పని తెలియకపోలేదు. ఇంటిల్లిపాదియు వానికి ప్రతిదినము ఆ మాటయే చెప్పుచుందురు. బిడ్డ తలపై చేయిపెట్టి ప్రమాణము చేయును, నాలుగు దినములు నిలుచును, అయిదవనాడు తప్పును. తప్పినందులకు సిగ్గుపడును, ఆ సిగ్గును మఱచుటకు మరల త్రాగును. కావున మతము చేయగల మేలు నిషేధముతో ముగిసినచో, ఈ సుడిగుండమున మఱియొక వలయము చేరినట్లే యగును. మఱి దైవచింతన వ్యసనవిముక్తికి నిజముగా తోడ్పడునా? తోడ్పడినచో ఏ విధముగా? ఈ ప్రశ్నకు గడచిన శతాబ్దమున ఒక సంఘము చూపిన సమాధానము విచారింపదగినది.

అమెరికాలో బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి త్రాగుడు వలన సర్వమును పోగొట్టుకొని, 1934 డిసెంబరులో న్యూయార్కు నగరమందలి ఒక చికిత్సాలయమున చేరెను. అంతకు కొలది వారములకు ముందు, తనవలెనే త్రాగుబోతయిన పూర్వమిత్రు డొకడు వచ్చి, తాను దైవమును ఆశ్రయించి త్రాగుడు మానితినని చెప్పియుండెను. చికిత్సాలయమున విల్సన్ నిస్పృహ పరాకాష్ఠ నందుకొన్న సమయమున, గదియంతయు వెలుగుతో నిండినట్లును, తనకు అపూర్వమైన శాంతి కలిగినట్లును అనుభవము పొందెను. ఆ రోజులలో అతనికి ఇచ్చుచుండిన మందులు భ్రాంతులు కలిగింపగలవన్నది ఇచట దాచదగిన విషయము కాదు. తనకు మతి చలించినదేమో యని అతడే వైద్యుని అడిగెను. వైద్యుడు దానిని త్రోసిపుచ్చక, వచ్చినదానిని వదలుకొనవలదని సలహా చెప్పెను. ఆ వెలుగు దివ్యమో, ఔషధజన్యమో తేల్చుట మనకు సాధ్యము కాదు. 1971లో మరణించువఱకు విల్సన్ మరల మద్యము ముట్టలేదన్నది మాత్రము చరిత్ర.

ఈ చరిత్రలో ముఖ్యఘట్టము ఆ వెలుగు కాదు. 1935 మే నెలలో విల్సన్ ఒక వ్యాపారకార్యమునకై ఓహాయో రాష్ట్రమందలి ఏక్రన్ పట్టణమునకు పోయెను. ఆ కార్యము విఫలమైనది. హోటలులో ఒంటరిగా నుండగా, ప్రక్కనున్న మద్యశాల అతనిని ఆకర్షించెను. దివ్యానుభవము కలిగిన ఆరునెలలకే ఆ దాహము మరల తలయెత్తినది. అప్పుడు అతడు ప్రార్థనతో ఊరకొనక, టెలిఫోనులో స్థానిక మతాచార్యులను పిలిచి, తాను మాటలాడదగిన త్రాగుబోతు ఎవ్వడైన ఆ ఊర కలడా యని విచారించెను. ఆ విధముగా పరిచితుడైనవాడు డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. డాక్టరు స్మిత్ దైవభక్తుడే, ప్రార్థనాసమాజమునకు పోవుచుండినవాడే. అయినను త్రాగుడు మానలేకపోయెను. తన బాధను అనుభవమున ఎఱిగిన మఱియొకడు వచ్చి మాటలాడిన పిమ్మట అది సాధ్యమాయెను. ఆయన చివరిసారి త్రాగిన దినము, 1935 జూన్ 10, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు జన్మదినముగా పరిగణింపబడుచున్నది.

1939లో ఈ సంఘము తన పేరుతోనే వెలువరించిన గ్రంథమున పండ్రెండు సోపానములు గలవు. వాని సారము ఇది: మద్యము ముందు తాను అశక్తుడనని ఒప్పుకొనుట, తనకంటె గొప్పదగు ఒక శక్తిని ఆశ్రయించుట, తన దోషములను నిజాయితీగా లెక్కించుకొని మఱియొక మనుష్యుని యెదుట చెప్పుకొనుట, తాను కష్టపెట్టినవారికి, వారికి మరల హాని కలుగని రీతిని, పరిహారము చేయుట, ప్రార్థనాధ్యానములను అలవఱచుకొనుట, తుదకు ఈ మార్గమును ఇతర వ్యసనగ్రస్తులకు అందించుట. ఇందు శరణాగతి కలదు, పశ్చాత్తాపము కలదు, ప్రాయశ్చిత్తము కలదు, సేవ కలదు. ఇవి ఒక్క క్రైస్తవమునకే చెందినవి కావు. మన భక్తిసంప్రదాయములకును పరిచితములే.

తొలి సభ్యులలో దేవుని నమ్మనివారును ఉండిరి. వారి పట్టుదల వలననే, దైవమనగా ఎవరికి అర్థమైన రీతిలో వారు గ్రహించు దైవము అను సవరణ గ్రంథమున చేరినది. ఈ చిన్న సవరణయే ఆ సంఘమును అనేక దేశములకు, అనేక మతములవారికి చేర్చినది. భారతదేశమునను దీని సమావేశములు జరుగుచున్నవి. రుసుము లేదు, సభ్యత్వమునకు మద్యము మానవలెనను కోరిక ఒక్కటే అర్హత.

సుప్రసిద్ధ మనస్తత్త్వవేత్త కార్ల్ యుంగ్ కును ఈ కథలో భాగము కలదు. వైద్యమునకు లొంగని ఒక అమెరికను రోగితో ఆయన, ఇక ఆధ్యాత్మిక పరివర్తనమే శరణ్యమని చెప్పెను. ఆ మాటయే చేతులు మాఱి విల్సన్ వఱకు వచ్చినది. 1961 జనవరిలో విల్సన్ కృతజ్ఞతతో జాబు వ్రాయగా, యుంగ్ ప్రత్యుత్తర మిచ్చెను. ఆయన భావమున, మద్యతృష్ణ అనునది పూర్ణత్వమునకై ఆత్మ పడు దాహమునకు నీచరూపము. లాటిను భాషలో ఆత్మకును, మద్యమునకును ఒక్కటే పదము వాడుట ఆయన గుర్తుచేసిన విశేషము.

ఇది యంతయు విశ్వాసుల మాటయే కదా, శాస్త్రమేమి చెప్పుచున్నదని కొందఱు అడుగవచ్చును. 2020లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష 27 అధ్యయనములను, వానిలోని 10,565 మందిని పరిశీలించినది. సభ్యులను ఈ సంఘమార్గమున క్రమబద్ధముగా ప్రవేశపెట్టు చికిత్స, నిరంతర మద్యవర్జనము విషయమున ఇతర మానసిక చికిత్సలకంటె మెఱుగైన ఫలితము నిచ్చినదని అందు తేలినది; తక్కిన ఫలితములలో వానికి తీసిపోలేదు. ఇది ఎట్లు పనిచేయునని పరిశోధించినవారు చెప్పినది మఱింత ఆలోచింపదగినది. స్నేహితవర్గము మాఱుట, శోధన కలిగినపుడు నిలువగలనను ధైర్యము పెరుగుట అనునవి ముఖ్యకారణములుగా కనబడినవి. ఆధ్యాత్మికత పెరుగుటయు, ప్రత్యేకించి వ్యసనము ముదిరినవారి యెడల, తోడ్పడినది. అనగా దైవచింతన ఒంటరిగా గాక, సత్సంగముతో కూడి పనిచేయుచున్నదన్నమాట.

ఈ వెలుగులో మన తెలుగునాట నడచుచున్న ఒక ఆచారమును పరిశీలింతము. శబరిమల యాత్రకై అయ్యప్ప దీక్ష వహించువారు నలువదియొక్క దినములు మాల ధరించి, నల్లని వస్త్రములు కట్టి, వేకువనే చన్నీటి స్నానము చేసి, నేలపై పరుండి, మద్యమాంసములను వర్జింతురు. సంవత్సరమంతయు త్రాగువారు సైతము ఆ దినములలో ముట్టరు. ఆ కాలమున ఇల్లాలికి ఊపిరి తిరుగును; పిల్లలు తండ్రి ప్రక్క భయములేక కూర్చుందురు. ఇది అల్పమైన విషయము కాదు. దినచర్య మాఱును, సాయంకాలపు స్నేహితులు మాఱుదురు, అందఱును ‘స్వామీ’ యని గౌరవముతో పిలుతురు. నిన్నటి దాక ఊరివారు తూలనాడినవానికి ఈ గౌరవమే సగము ఔషధము.

కాని మాల తీసిన సాయంకాలమే సీసా తెఱచువారును కలరు. కారణము స్పష్టము. దీక్ష దేవునికి ఇచ్చిన గడువుగల మాట. గడువు తీరగానే ఆ భజనబృందము విడిపోవును. పాతదారి, పాతమిత్రులు ఎదురుచూచుచుందురు. దోషముల లెక్క గాని, కష్టపెట్టినవారికి పరిహారము గాని జరిగియుండలేదు. కావున దీక్షను గమ్యముగా గాక ఆరంభముగా తలపవలెను. మాల తీసిన మఱునాటి సాయంకాలము ఎక్కడ గడపవలెనో, ఎవరితో గడపవలెనో ముందుగనే నిశ్చయించుకొనినచో, నలువదియొక్క దినముల ఫలము నిలుచును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. అనేక సంవత్సరములుగా దినమంతయు త్రాగువాడు ఒక్కసారిగా మానివేసినచో ప్రాణాపాయము కలుగవచ్చును. మొదటి రెండుమూడు దినములలో చేతులు వణకుట, చెమటలు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి ఉన్నట్లు కనబడుట సంభవించును. దీనిని దేవుని ఆగ్రహమనియో, పూనకమనియో భ్రమించి కాలము వృథా చేయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అట్టివారు మాల వేసికొనుటకు ముందే వైద్యుని కలిసికొనుట శ్రేయస్కరము. అటులనే, ఇంటివారు రోగికి తెలియకుండ అన్నములో త్రాగుడు మాన్పించు మందు కలుపుట ప్రమాదకరము. ఆ మందు కడుపులో నుండగా మద్యము త్రాగినచో ప్రాణము మీదికి రావచ్చును. ఔషధమును దైవము అడ్డగింపదు. దైవమును ఔషధము అడ్డగింపదు.

మఱియొక మాట. విశ్వాసము బలవంతముగా ఎక్కించునది కాదు. 1996లో న్యూయార్కు రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము, కుటుంబసందర్శన సౌకర్యమునకై ఒక నాస్తికఖైదీని ఈ పండ్రెండు సోపానముల కార్యక్రమమునకు నిర్బంధించుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. దేవుని నమ్మనివారికి దైవప్రసక్తి లేని స్వయంసహాయక సమాజములు కలవు. వైద్యులు, మందులు, సలహాదారులు కలరు. నమ్మనివానిని, నమ్మలేదు కావున త్రాగుచున్నావని నిందించుట సత్యమును కాదు, ధర్మమును కాదు. దైవభక్తుడైన డాక్టరు స్మిత్ సైతము అనేక సంవత్సరములు త్రాగినవాడే యని మఱువరాదు.

ఇక ఇంటివారి మాట. విల్సన్ భార్య లోయిస్ 1951లో, వ్యసనగ్రస్తుల కుటుంబములకై అల్-అనాన్ అను వేఱొక సంఘమును స్థాపించినవారిలో ఒకతె. భర్త మానినను మానకున్నను భార్యకును, పిల్లలకును మనశ్శాంతి పొందు హక్కు కలదనుట ఆ సంఘపు ఆధారసూత్రము. సహనము పేర దెబ్బలు భరింపుమని ఏ దేవుడును కోరడు. పూజ చేయు ఇల్లాలు, ఆ పూజ ఫలింపకున్న లోపము తనదేయని కుములవలసిన పని లేదు.

మొత్తముమీద తేలిన దేమనగా, మతము న్యాయాధిపతివలె కూర్చున్నప్పటికంటె ప్రక్కవానివలె వచ్చి చేయి పట్టుకొన్నప్పుడు త్రాగుబోతునకు ఎక్కువ మేలు చేయుచున్నది. గుడిలోనో, మసీదులోనో, చర్చిలోనో ప్రార్థించి వెలుపలికి వచ్చిన వానికి, నీవు నిన్న తప్పినను నేడు మరల రమ్ము అని పలుకు మనుష్యు డొకడు కావలెను. అట్టి మనుష్యుడు మన వీధిలో ఉండునట్లు చూచుట మన చేతిలో ఉన్న పని.