ముసలి పికప్‌కు పడుచు గుండె!

తెర మీద ఛేజింగ్ మొదలైందంటే చాలు, మనమంతా సీటు అంచుకి జరిగిపోతాం. విలన్‌గారిది తళతళలాడే ఫారిన్ కారు. మన హీరోకి దొరికింది డొక్కు పికప్పు! అయితేనేం? మొదటి మలుపులో అది గర్జిస్తుంది, రెండో మలుపులో దుమ్ము లేపుతుంది, మూడో మలుపు తిరిగేసరికి ఫారిన్ కారు మురిక్కాలవలో వుంటుంది. నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! ఆ గర్జన షూటింగులో వచ్చింది కాదనీ, తర్వాత సౌండ్ ఇంజనీరు తీరుబడిగా కలిపిందనీ ఆ క్షణాన ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

హాల్లోంచి బయటికొచ్చాక కొందరు కుర్రాళ్ళ బుర్రలో ఓ పురుగు తొలుస్తుంది. "మనింట్లోనూ ఓ పాత పికప్పుంది కదా! దాంట్లో ఓ పెద్ద ఇంజను పడేస్తే?" పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల్లో ఈ ఆలోచన రావడం వింతేమీ కాదు. అది చక్రాలకు పుట్టినిల్లు లాంటి చోటు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి కవచ వాహనాలు తయారవుతాయి. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్లు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల చుట్టూ లేత్ మిషన్లు, వెల్డింగ్ షాపులు. ఇనుము కోసేవాళ్ళకీ అతికేవాళ్ళకీ కొదవ లేదు. మరి యింకేం? ముహూర్తం పెట్టేద్దామా?

ఆగండి! క్లాప్ కొట్టే ముందు స్క్రిప్టు ఓసారి చదువుకుందాం.

ఇది పాత కథే

బండికి గుండె మార్చడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. మహీంద్రావారు మొదట్లో తయారుచేసిన జీపుల్లో వుండేది పెట్రోలు ఇంజను. పేరు హరికేన్, సైజు దాదాపు 2,200 సీసీ. 1973లో ఒకసారి, 1979లో మరోసారి ప్రపంచమంతటా చమురు ధరలు భగ్గుమన్నాయి. దాంతో పెట్రోలు తాగే బండి ఇంటి ముందు కట్టేసిన తెల్ల ఏనుగైంది. అప్పట్నించీ జీపుల్లోంచి, పికప్పుల్లోంచి పెట్రోలు ఇంజన్లు తీసి డీజిల్ ఇంజన్లు బిగించడం వూరూరా మెకానిక్ షెడ్లలో మామూలైపోయింది.

షెడ్లేమిటి, కంపెనీవారే ఆ పని చేశారు! జీపులో ట్రాక్టరుకు వాడే ఇంటర్నేషనల్ డీజిల్ ఇంజను పెట్టారు. తర్వాత ఫ్రాన్సువారి ప్యూజో డీజిల్ తెచ్చారు. టాటావారూ అంతే. 1988లో వచ్చిన టాటామొబైల్ 206 పికప్‌లో 1,948 సీసీ ఇంజను వుండేది. అదే వంశంలో తర్వాత పుట్టిన 207 డీఐకి 3 లీటర్లకు దగ్గరగా వుండే ఇంజను పెట్టారు. అంటే పికప్‌కు పెద్ద ఇంజను పెట్టడం పిచ్చి పనేం కాదు. ఎలా పెడుతున్నామన్నదే ప్రశ్న!

పెద్ద ఇంజను, నత్త నడక!

ఇక్కడో తమాషా వుంది. జీపులో హరికేన్ తీసేసి ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజను బిగించారనుకోండి. లాగే బలం పెరుగుతుంది. బస్తాలు వేసుకుని ఏ చడావు అయినా ఎక్కేస్తుంది. కానీ హైవే మీద లూనా కూడా దాటిపోతుంది! ఎందుకంటారా?

లెక్క చూడండి. పెట్రోలు ఇంజను నిమిషానికి 4,000 చుట్లు హాయిగా తిరుగుతుంది. ట్రాక్టరు డీజిల్ 2,500 దగ్గరే ఆయాసపడుతుంది. పాత జీపు వెనక ఇరుసులో వుండే పళ్ళచక్రాల నిష్పత్తి 5.38. అంటే టాప్ గేర్లో ఇంజను 5.38 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. చక్రం ఎత్తు 28 అంగుళాలనుకుంటే, 4,000 చుట్ల దగ్గర బండి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. అదే బండి 2,500 చుట్ల దగ్గర 62 కిలోమీటర్లే! గుండె మార్చి నడక మార్చకపోతే జరిగేది యిదీ. ఇంజనుకు తగ్గట్టు వెనక క్రౌన్ వీల్, పినియన్ జత కూడా మార్చాలన్నమాట. అది వేరే ఖర్చు.

సైడు క్యారెక్టర్ల సంగతేమిటి?

సినిమాలో హీరో ఒక్కడే పదిమందిని కొడతాడు. బండిలో ఆ పప్పులుడకవు. ఇంజను ఒక్కటే బలిస్తే, దాని వెనకున్న వాళ్ళంతా వరసగా చేతులెత్తేస్తారు. ముందు క్లచ్ ప్లేటు జారుతుంది. తర్వాత గేరుబాక్సులో పళ్ళు రాలతాయి. ఆపైన ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు.

పాత గేరుబాక్సుకు కొత్త ఇంజను అతకాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. లేత్ మీద చేయించొచ్చు. కానీ ఇంజను నడిమధ్య గీతా, గేరుబాక్సు నడిమధ్య గీతా ఒక్కటి కావాలి. మిల్లీమీటరులో పదో వంతు తప్పినా క్లచ్, బేరింగు త్వరగా హరీమంటాయి. డయల్ గేజి పెట్టి కొలిచే మేస్త్రీ కావాలి గానీ, కంటి చూపుతో "సరిపోయింది భాయ్" అనేవాడు కాదు.

ఇక వేడి. ఇంజనులో కాలిన ఇంధనం శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకు పనికొస్తుంది. మరో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగిలింది రేడియేటర్ నెత్తిన పడుతుంది. ఇంజను పెరిగితే ఆ బరువూ పెరిగినట్టే. చిన్న రేడియేటర్‌ని అలాగే వుంచి, మే నెల ఎండలో ముత్తంగి నుంచి సదాశివపేట దాకా సరుకు లాగి చూడండి. బానెట్ లోంచి ఆవిరి ఇంజను సినిమా కనిపిస్తుంది!

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. గంటకు 60లో పోయే బండి 80లో పోతే వేగం మూడో వంతే పెరిగిందనిపిస్తుంది. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి 78 శాతం పెరుగుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి! మన పాత పికప్‌ల డ్రమ్ము బ్రేకులు వేడెక్కాయంటే పట్టు వదిలేస్తాయి. ఇంకో చిక్కు వుంది. బూస్టర్ బ్రేకులున్న పెట్రోలు బండికి డీజిల్ ఇంజను పెడితే, బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ ఇంజను నుంచి రాదు. దానికోసం విడిగా వాక్యూమ్ పంపు వుండాలి. అది మరిచిపోయి రోడ్డెక్కితే పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. ఎదురుగా స్కూలు పిల్లలుంటే? ఇక్కడ డూపులుండరు, రీటేకులుండవు!

"బుల్లిట్" రహస్యం

హాలీవుడ్ ఛేజింగులకు తాతలాంటిది 1968 నాటి "బుల్లిట్". హీరో స్టీవ్ మెక్వీన్, దర్శకుడు పీటర్ యేట్స్. శాన్‌ఫ్రాన్సిస్కో చడావుల్లో పది నిమిషాల పైన సాగే ఆ ఛేజింగ్ చూసి జనం వెర్రెత్తిపోయారు. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది. అందులో మస్టాంగ్ కారును తయారుచేసినవాడు మాక్స్ బాల్చోస్కీ అనే రేసు కార్ల నిపుణుడు. ఆయన ఎక్కువ కష్టపడింది ఎక్కడో తెలుసా? సస్పెన్షన్ మీద! గాల్లోకి ఎగిరిన కారు విరక్కుండా నేల మీద వాలాలి కదా. ఇంజనుకు చేసిన మార్పులు కొద్దివే. వేగం మనకు కనిపించింది. దాన్ని మోసిన స్ప్రింగులు కనిపించలేదు.

ఒకే కుటుంబంలో సంబంధం

మరి చవగ్గా చేసుకునే దారే లేదా? వుంది. అమెరికా కుర్రాళ్ళు ఎప్పట్నించో పాటిస్తున్న సూత్రం ఒకటుంది. 1955లో షెవ్రొలే కంపెనీ 265 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజను తెచ్చింది. అదే కుటుంబంలో తర్వాత 350 అంగుళాలది వచ్చింది. లోపల బలం పెరిగింది గానీ, బయటి కొలతలు దాదాపు అవే. అందుకే తుక్కు షాపులో దొరికిన పెద్ద తమ్ముణ్ణి తెచ్చి అన్నగారి కుర్చీలో కూచోబెట్టడం వాళ్ళకు సులువైంది.

మన దగ్గరా అలాంటి బంధువులున్నారు. మహీంద్రా వాడిన ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజను 2,112 సీసీ. సిలిండరు వెడల్పు 90 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 83. దాని దగ్గరి చుట్టం ఎక్స్‌డీ3పీలో అవి 94, 90 అయ్యాయి. సైజు 2,498 సీసీకి చేరింది. పరాయి కంపెనీ ఇంజను తెచ్చి ఛాసిస్ కోసి కుట్టేకంటే, వంశంలోనే సంబంధం చూసుకోవడం చవక.

ఇంజను ఒక్కటే కొనకండి. వీలైతే దెబ్బతిన్న బండి మొత్తం కొనండి. గేరుబాక్సు, క్లచ్, రేడియేటర్, మౌంటింగులు, వైరింగు అన్నీ ఒకే ఇంటివి దొరుకుతాయి. మిగిలిన సామాను అమ్ముకుంటే కొంత డబ్బు వెనక్కొస్తుంది. ఇంజనుకు ఎంత పెడతారో, మిగతావాటికి కనీసం అంత చేతిలో వుంచుకోండి. ఖర్చులో మొదటి వరస బ్రేకులది, చివరి వరస రంగుది. చాలామంది దీన్ని తిరగేస్తారు!

జహీరాబాద్ చెప్పిన నీతి

విడిభాగాలు దొరకని బండి ఎంత అందగత్తె అయినా కాపురానికి పనికిరాదు. ఈ సంగతి జహీరాబాద్‌కు బాగా తెలుసు. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాను నిస్సాన్‌తో చేతులు కలిపి అక్కడ చిన్న లారీలు తయారుచేసింది. ఆ రోజుల్లోనే టయోటా, మాజ్దా, మిత్సుబిషి కూడా మన దేశంలో జంటలు వెతుక్కున్నాయి. బండ్లు నాజూకైనవే. కానీ 1985 తర్వాత జపాను యెన్ విలువ పెరిగిపోయి, అక్కణ్ణించి తెచ్చే భాగాలు ప్రియమయ్యాయి. 1986లో టాటా 407 రంగంలోకి దిగింది. ఏ వూళ్ళో ఆగినా మెకానిక్ వున్నాడు, సామానూ వుంది. జనం దానికే ఓటేశారు. ఆల్విన్ నిస్సాన్ చివరికి మహీంద్రా చేతికి వెళ్ళింది. ఇంజను ఎంచుకునేటప్పుడు హార్స్ పవర్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదీ: "దీని గాస్కెట్ పటాన్‌చెరులో దొరుకుతుందా?"

క్లైమాక్సు ఆర్టీఏ ఆఫీసులో!

అసలు ఫైటింగు ఇక్కడ! 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అధికారుల అనుమతి లేకుండా ఇంజను మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇంకా గట్టిగా చెప్పింది. తయారీదారు యిచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని. అంటే మీ మోడల్‌కు కంపెనీ ఎన్నడూ యివ్వని ఇంజను పెట్టి రోడ్డెక్కితే, ఆర్.సి.లో వున్న నంబరు ఒకటి, బానెట్ కింద వున్నది మరొకటి! రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట చూసేది ఆ నంబరే. అప్పుడు అవతలివాళ్ళ నష్టం మీ నాన్నగారి పొలం మీద పడొచ్చు.

ఇంకో మాట. మీ పికప్ వయసు 50 దాటిందా? 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం దానికి వింటేజ్ గౌరవం దక్కే అవకాశం వుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను అసలువే వుండాలి. పెద్ద ఇంజను పెడితే ఆ గౌరవం గల్లంతే.

కాబట్టి మేస్త్రీ దగ్గరికి వెళ్ళే ముందు ఆర్.సి. పుచ్చుకుని సంగారెడ్డి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళండి. మీ మోడల్‌కు ఏ ఇంజను ఒప్పుకుంటారో అడగండి. సరే అంటే, ముందు బ్రేకులు విప్పించండి. కాదంటే, వున్న ఇంజనుకే బోరింగ్ చేయించి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, టైర్లు మార్చండి. ఆ బండి విలన్‌ని తరమకపోవచ్చు. ఫ్యాక్టరీ సరుకు పొద్దున దింపి, సాయంత్రం ఫస్ట్ షోకి మిమ్మల్ని భద్రంగా చేరుస్తుంది. తెర మీద ఛేజింగ్ ఎలాగూ వుంది కదా, ఈలలు అక్కడ వేద్దాం!